మా పిప్పిపన్ను

పండ్లున్నంతకాలము వాని విలువ తెలియదని మా మామ్మ యనుచుండును. ఆమెకు నలువదియేండ్లు నిండకమునుపే దవడపండ్లన్నియు పోయినవి. పన్ను నొచ్చినచో పీకించుకొనుటయే ఆమె యెరిగిన వైద్యము. ఈ మాట పలుమారులు వినియు మేము చెవిని బెట్టలేదు. తుదకు మా పన్నే మాకు పాఠము చెప్పినది.

గత వర్షకాలమున మా క్రిందిదవడపంటిపై చిన్న నల్లమచ్చ కనబడెను. చల్లనినీరు త్రాగిన జివ్వుమనుచుండెను. నాయనగారితో చెప్పినయెడల బందరు తీసికొనిపోయి పీకింతురను భయముచే మూడు మాసములు దాచితిమి. లవంగము నొక్కిపెట్టితిమి, ఉప్పునీరు పుక్కిలించితిమి. బందరులడ్డు మాత్రము మానలేదు. ఎడమదవడతో నమలి కుడిదవడను మోసపుచ్చితిమనుకొంటిమి. ఒకరాత్రి లడ్డుముక్క గుంతలో చిక్కుకొని కన్నీరు తెప్పించెను. మామ్మ లేచి గోరువెచ్చని నీటితో పుక్కిలింపజేసి, సంగతి గ్రహించి, “వీడి పన్నయినా నిలబెట్టరా” అని నాయనగారితో ననెను.

మరునాడు అవనిగడ్డలో బస్సెక్కి మోపిదేవి, చల్లపల్లి మీదుగా బందరు చేరితిమి. కోతకూలికై దాచిన సొమ్ము నాయనగారి జేబులో నుండెను. అది చూచి మాకు నొప్పికంటె సిగ్గు హెచ్చయ్యెను.

“పురుగు పట్టిందా అండీ?” అని నాయనగారు వైద్యునడిగిరి. వైద్యుడు నవ్వి, పంటిలో పురుగుండదనియు, నోటిలోని సూక్ష్మజీవులు తీపిని ఆమ్లముగా మార్చుననియు, ఆ ఆమ్లము పంటిపైపూతను కరగించుననియు చెప్పెను. మిల్లరను శాస్త్రజ్ఞుడు 1890లోనే ఈ సంగతి వివరించెనట. ఆ పైపూత శరీరమంతటిలో కఠినమైనదే గాని, ఒకసారి గుంతపడినచో మరల పెరుగదు. “ఇంకా నరము దాకా పోలేదు బాబూ. మరికొన్నాళ్లు దాచితే ఈ పని ఇంత తేలికగా తీరేది కాదు” అనెను.

సూదిమందుతో దవడ తిమ్మిరెక్కెను. పిమ్మట యంత్రము గిఱ్ఱున తిరిగి పాడైన భాగమును తొలిచెను. చప్పుడే గాని నొప్పి లేదు. బలూచిస్థానమందలి మెహర్‌గఢ్‌లో సుమారు 9,000 ఏండ్ల క్రిందటివారు చెకుముకిరాతి మొనతో పండ్లు తొలిచిన జాడలున్నవి; వారికి తిమ్మిరిమందు లేదుగదా యని తలచుకొని ధైర్యము తెచ్చుకొంటిమి. వైద్యుడు గుంతను పంటిరంగు ముద్దతో పూడ్చి, నీలికాంతి చూపగా కొలదిక్షణములలో నది గట్టిపడెను. పూర్వము వాడిన వెండిరంగు మిశ్రమములో సగమువరకు పాదరసమే యుండెడిది; 2013 నాటి మినమాటా ఒడంబడిక దాని వాడుకను తగ్గింపవలెనని నిర్ణయించినది.

ఇంటికి రాగానే మామ్మ మమ్ము దీపముకడకు పిలిచి, నోరు తెరువుమని చాలసేపు చూచెను. ఏమియు ననలేదు, కొంగుతో కన్నులొత్తుకొనెను.

తమ్ముడు చాటుగా వచ్చి, “నొప్పి పుట్టిందా అన్నయ్యా?” అని యడిగెను. సూది గుచ్చినపుడు కొంచెము నొచ్చినదనియు, దాచిన మూడుమాసముల నొప్పి యెదుట నది లెక్కలోనిది కాదనియు ఉన్నదున్నట్లు చెప్పితిమి. వాడు కొంతసేపు తటపటాయించి, మెల్లగా నోరు తెరచెను. అచ్చటను ఒక నల్లమచ్చ.

ఈమారు మేము దాచలేదు. వాని చేయిపట్టుకొని తిన్నగా నాయనగారికడకు నడిచితిమి.