నానయ్ వండిన చేప



చౌకగా దొరికే ఆహారమును తక్కువగా చూచుట మనలో చాలమందికి అలవాటు. అయితే ఖరీదుకు, బలమునకు ఎప్పుడూ పొత్తు కుదరదు. ఫిలిప్పీన్స్ దేశములోని బీద ఇండ్లలో తరచుగా వండుకొనే తిలాపియా చేప ఇందుకు మంచి ఉదాహరణ.

తిలాపియా ఆ దేశపు చేప కాదు, ఆఫ్రికా జాతి. 1950లో థాయిలాండ్ నుండి మొదటి రకమును తెచ్చారు. అది పిల్లలతో చెరువును నింపేదే గాని పెద్దగా ఎదిగేది కాదు. 1972లో నైలు నది రకము వచ్చింది. 1988 నుండి అక్కడి శాస్త్రజ్ఞులు, అంతర్జాతీయ మత్స్య పరిశోధన సంస్థవారు కలిసి మంచి చేపలను ఏరి, జతపరచి, త్వరగా ఎదిగే 'గిఫ్ట్' రకమును తయారుచేశారు. ఆ సంస్థలోనే మన బాపట్లలో పుట్టిన డాక్టర్ మోదడుగు విజయ్ గుప్తాగారు పనిచేశారు. బీదల చెరువులలో తక్కువ ఖర్చుతో చేపల పెంపకమును నేర్పినందుకు ఆయనకు 2005లో ప్రపంచ ఆహార బహుమతి లభించింది.

ఇది కొవ్వు తక్కువ గల చేప. 100 గ్రాముల పచ్చి మాంసములో 20 గ్రాముల మాంసకృత్తులు, 1.7 గ్రాముల కొవ్వు, 96 కాలరీల శక్తి ఉన్నవి. రక్తమునకు, నరములకు అవసరమైన బి12 విటమిన్, పెద్దవారికి ఒక రోజుకు కావలసినదానిలో సగానికి పైగా అందులోనే దొరుకును. ఇనుము మాత్రము తక్కువ. గుండెకు మేలుచేయు ఒమేగా-3 కొవ్వు కూడ తక్కువే. అందుచేత వారమునకు ఒకసారైనా కొవ్వుగల సముద్రపు చేప తినుట మంచిది. మన కానాగంతను అక్కడివారు 'అలుమహాన్' అంటారు.

శిక్షణ నిమిత్తము నేను లగూనా ప్రాంతములో మూడు నెలలు ఒక కుటుంబముతో ఉన్నాను. ఆ ఇంటి తల్లిని అందరితోపాటు నేనును 'నానయ్' అని పిలిచేవాడిని. అమ్మ అని అర్థము. ఇంటి యజమానికి రక్తపోటు ఉండుటవలన ఆమె వేపుడు బాగా తగ్గించింది. ఒక పెద్ద చెంచా నూనెలో 120 కాలరీలున్నవి. 100 గ్రాముల చేపలోకన్నా ఎక్కువే! కనుక ఆమె 'పేసా' వండేది: బియ్యము కడిగిన నీళ్ళలో అల్లము, ఉల్లిపాయ, మిరియాలు వేసి మరిగించి, చేపముక్కలు, క్యాబేజీ వేసి దించడమే. మరొకనాడు చింతకాయ పులుపుతో 'సినిగాంగ్'. అందులో ముల్లంగి, చేమదుంప, తూటికూర వేసేది. ఆకుకూరలోని ఇనుము ఒంటికి పట్టుటకు చేపమాంసము తోడ్పడును. చేపలనుండి తీసిన 'పాతిస్' అను ఉప్పురసమును మాత్రము ఆమె దాచిపెట్టేది. అది ఒక పెద్ద చెంచాడు వేసికొంటే, రోజుకు మించకూడని ఉప్పులో సగానికన్నా ఎక్కువ లోపలికి పోవును.

ఇంత తెలిసిన ఆ తల్లి తాను ఏమి తినేదో తెలుసా? నాలుగు చేపలు, తినేవారము ఆరుగురము. మాంసమున్న ముక్కలు మాకు వడ్డించి, తల, కొంచెము పులుసు, అన్నముతో సరిపెట్టుకొనేది. "తలలోనే రుచి" అని నవ్వేది. కొన్నాళ్ళకు మెట్లెక్కితే ఆయాసము, కళ్ళు తిరగడము మొదలైనవి. ఆరోగ్య కేంద్రములో పరీక్షచేసి రక్తము చాల తక్కువగా ఉందన్నారు. మాత్రలు ఇచ్చి, భోజనము సరిగా తినమని చెప్పారు.

ఆ రాత్రి నర్సింగు చదువుచున్న పెద్దకూతురు గరిటె తన చేతికి తీసికొన్నది. మొదట తల్లి పళ్ళెములో నడిముక్క పెట్టి, తరువాతే మాకు వడ్డించింది. నానయ్ ఆ ముక్కను చిన్నవాడి పళ్ళెములోనికి మార్చబోయింది. "అమ్మా, నీవు తిననిది మేమూ తినము" అన్నది ఆ పిల్ల. ఎవరమూ చేయి కదపలేదు. చివరకు ఆమె తిన్నది. నేను తిరిగి వచ్చేవరకు ఆ ఇంట అదే క్రమము జరిగింది.

లెక్క చూడండి. పావుకిలో చేపలో తల, పొట్ట, ముళ్ళు పోగా తినదగిన మాంసము సగముకన్నా తక్కువ, సుమారు 100 గ్రాములు. నాలుగు చేపలను ఆరుగురు సమానముగా పంచుకొంటే ఒక్కొక్కరికి 13 గ్రాముల మాంసకృత్తులు వచ్చును. 50 కిలోల బరువున్న స్త్రీకి రోజుకు కావలసినది సుమారు 40 గ్రాములు. గర్భిణికి, పాలిచ్చు తల్లికి ఇంకను ఎక్కువ. మిగిలినది పప్పు, గ్రుడ్డు, పాలనుండి రావలెను.

కాబట్టి భర్తలారా, ఎదిగిన పిల్లలారా, కూర ఎంత ఉన్నదని చూచేటప్పుడు తినేవారిలో వండినామెను కూడ లెక్కించండి. ఆమె చివరన కూర్చుండునది అయితే, ఆమె ముక్కను ముందే వేరుగా తీసి మూతపెట్టి ఉంచండి. దానికి అదనపు ఖర్చేమీ లేదు.