గోస్తని వెంట, వాన దారిలో

బొర్రా గుహల సున్నపురాతి కింద గోస్తని సన్నగా పారుతుంది. పైన అనంతగిరి కొండల మీద ఒక గట్టి వాన పడితే చాలు, నీరు ఎర్రబడుతుంది. ఇక్కడి ఖొండలైటు రాయి ఎండకూ వానకూ మెత్తబడి ఎర్రమట్టవుతుంది. వేళ్లు పట్టి ఉంచినంత కాలం ఆ మట్టి కొండ మీదే ఉంటుంది. రోడ్డు కోసం వాలును చెక్కిన చోట ఆ పట్టు తెగుతుంది.

శృంగవరపుకోట దాటి అరకు ఘాట్ ఎక్కేవాళ్లంతా లోయనే చూస్తారు. కొండవైపు రోడ్డు పక్కనున్న కాలువను చూస్తే నది సంగతి తెలుస్తుంది. ఆకుల్లో ఇంకుతూ, వాలంతా పరుచుకుని దిగే వాన తారు మీద ఇంకలేదు. కాలువలో చేరి, కల్వర్టు దాటి, ఒకే ధారగా లోయలోకి దూకుతుంది. అదివరకు వాగు లేని చోట కొత్త గెడ్డ పుడుతుంది. నీటి వేగం రెట్టింపైతే అది దొర్లించగల రాయి బరువు 64 రెట్లవుతుందని పాత లెక్క ఒకటుంది. తూము కింద చెల్లాచెదురైన బండలను చూస్తే నమ్మాలనిపిస్తుంది.

నన్నడిగితే ఘాట్ రోడ్డు బాగోగులు తారు నునుపులో కాదు, కల్వర్టు బయటి నోటి దగ్గర తేలతాయి. అక్కడ రాళ్లు పరిచి మెట్లు మెట్లుగా దించితే నీటి పరుగు తగ్గుతుంది. తూములు దగ్గర దగ్గరగా ఉంటే ఒక్కొక్కదాని మీద పడే భారమూ తగ్గుతుంది. కోసిన వాలు మీద వట్టివేరు నాటితే దాని వేళ్లు నిలువునా లోతుకు దిగుతాయి. ఇనుప తీగ బుట్టల్లో రాళ్లు నింపి కట్టిన గోడ సందుల్లోంచి నీటిని వదిలేస్తుంది. కాంక్రీటు గోడకు నీరు పోయే రంధ్రాలు పెట్టడం మరిచారా, వెనక చేరిన నీరే దాన్ని తోసేస్తుంది.

ఇదంతా రోడ్డు వద్దనడానికి కాదు. రోగిని డోలీలో మోసుకు దిగే గూడేలకు రోడ్డు కావాల్సిందే. కానీ తవ్విన మట్టిని లారీకెత్తడం ఖర్చని లోయలోకి నెట్టేస్తే, మొదటి వానకే అది గెడ్డ చేరుతుంది. ఆకులూ రాళ్లూ నిండి తూము పూడితే నీరు రోడ్డెక్కి లోయవైపు అంచును కోస్తుంది. తూములో పూడిక తీయడం మే నెలలో నలుగురు పలుగూ పారా పట్టుకుని చేయాల్సిన పని. దీనికెవరూ శిలాఫలకం వేయరు, అదీ చిక్కు!

తాటిపూడి దగ్గర నది నిలుస్తుంది. 1960లలో కట్టిన ఈ జలాశయం పొలాలకూ, విశాఖ కుళాయిలకూ నీరిస్తుంది. ప్రవాహం నెమ్మదించగానే బరువైన ఇసుక ముందు దిగుతుంది, సన్నమట్టి ఆ తర్వాత. పూడిక పేరుకున్న కొద్దీ నీటికి చోటు తగ్గుతుంది. నీరు ఎంత బురదగా వస్తే శుద్ధి చేసేచోట అంత పటిక ఖర్చు.

దిగువన జామి, ఆ తర్వాత 1794లో విజయనగరం రాజుకూ ఇంగ్లీషువాళ్లకూ యుద్ధం జరిగిన పద్మనాభం. భీమునిపట్నం దగ్గర సముద్రం. తీరానికి ఇసుక కావాలి. నదులు మోసుకొచ్చేదే దానికి ఆధారం. గోస్తని కొండల నుంచి తెచ్చే ఇసుకలో చాలా భాగం తాటిపూడి దాటి రాదు.