మా బండి జబ్బు

అల్ సద్‌లో కాపురం పెట్టిన కొత్తలో, ఎడారి చూడాలన్న సరదాతో ఒక పాత జపాను బండి కొన్నాం. మామూలుగా వెనక చక్రాలే లాగుతాయి. మీట వేస్తే ముందు చక్రాలూ కలుస్తాయి. కలిస్తే పచ్చదీపం నిలకడగా వెలుగుతుంది. కలవకపోతే మినుకుమినుకుమంటూనే ఉంటుంది.

మొన్న చలికాలంలో ఒక శుక్రవారం పులిహోర, పెరుగన్నం కట్టుకుని పిల్లలతో ఖోర్ అల్ అదైద్ బయల్దేరాం. మెసయీద్ దాటాక సీలైన్ దగ్గర తారురోడ్డు అయిపోతుంది. అక్కడ అందరిలాగే టైర్లలో గాలి 15 పి.ఎస్.ఐ.కి తగ్గించి, మీట వేసి ఇసుకలోకి దిగాం. దీపం బాగానే వెలిగింది. రెండో దిబ్బ ఎక్కుతూ యాక్సిలరేటర్ తొక్కేసరికి మినుకుమంది. బండి కూరుకుపోయింది. చీకటి పడేలోగా తోటి బండివారు తాడు కట్టి లాగబట్టి సరిపోయింది గాని, వెనకసీట్లో పిల్లల మొహాలు ఇప్పటికీ మరచిపోలేదు.

మర్నాడు ఒక గరాజులో చూపిస్తే దీపం నిక్షేపంగా వెలిగింది! డాక్టరును చూడగానే తగ్గిపోయే పంటినొప్పి లాగన్నమాట. "ఏమీ లేదు" అని పంపేశారు. మళ్లీ ఇసుకలో అదే తంతు. రెండో గరాజువారు గేరుపెట్టె మొత్తం మార్చాలని వేలల్లో లెక్క చెప్పారు.

చివరికి సనయ్యాలో పనిచేసే జగిత్యాల తమ్ముడొకడు దొరికాడు. అతను ముందు ఇంజను ముట్టుకోలేదు. ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు రాదు అని పావుగంట అడిగాడు. తర్వాత, "బండి నిలవడ్డప్పుడు చూస్తె ఏం దెలుస్తది సార్? గుంజేటప్పుడు చూడాలె" అన్నాడు.

మా బండిలో ముందు ఇరుసును కలిపేది ఇంజను పీల్చే వాక్యూమే. ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ఆ పీల్పు ఎక్కువ. గట్టిగా తొక్కితే పడిపోతుంది. అప్పటి కోసమని చిన్న డబ్బాలో కొంత నిలవ ఉంటుంది. ఆ డబ్బా నుంచి వచ్చే, సెలైను గొట్టమంత రబ్బరు గొట్టం ఏళ్ల తరబడి వేడికి చీలింది. గరాజులో పీల్పు పుష్కలం గనక చీలిక ఉన్నా పని జరిగేది. దిబ్బ ఎక్కేటప్పుడు నిలవ కాస్తా కారిపోయేది. మూరెడు గొట్టం మార్చి 20 రియాళ్లు తీసుకున్నాడు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. ఆ వారమే ఒక కూలిమనిషి, బరువుతో మెట్లెక్కితే గుండె పట్టేసినట్టుంటుందని వచ్చాడు. పడుకోబెట్టి ఇ.సి.జి. తీశాం. బాగుంది. గ్యాసు మాత్ర రాసి పంపాం. మేమూ ఆ మొదటి గరాజువాళ్లమే గదా! తెల్లవారగానే ఫోన్ చేసి పిలిపించి ట్రెడ్‌మిల్ మీద నడిపించాం. మూడు నిమిషాలు దాటకుండానే గీతలు మారాయి. సమయానికి వైద్యం అందింది. ఇప్పుడు కులాసాగా ఉన్నాడు.

వచ్చే పిక్నిక్‌కు ఇసుకలోకి దిగే సభ్యులకొక మనవి. ఒంటరిగా పోకండి, రెండు బండ్లయినా ఉండాలి. ఇలాంటి బండికి మీట ఇసుకలోనే వేయండి. ఎండిన తారురోడ్డు మీద వేస్తే గేర్లు దెబ్బతింటాయి. బండి మొరాయించినప్పుడు వేగమెంత, ఎక్కుతున్నదా దిగుతున్నదా, ఎంతసేపు నడిచింది అన్నది కాగితం మీద రాసిపెట్టుకోండి. మెకానిక్కుకు అదే సగం వైద్యం. తాడు మరచిపోకండి. పులిహోర మేము తెస్తాం.