మంగళానికి ముందు

కచేరీలో మధ్యమావతి వినిపించిందంటే ముగింపు దగ్గరపడిందని తెలిసిపోతుంది. ఆ రాగాన్ని చివర్లో ఎందుకు పాడతారో పెద్దలు ఒక మాట చెబుతారు. అంతవరకూ శ్రుతి ఎక్కడైనా తొణికినా, తాళం తప్పినా, వేళ కాని వేళ ఒక రాగాన్ని ఎత్తుకున్నా, ఆ దోషాలన్నీ మధ్యమావతితో తొలగిపోతాయట. ఆ తర్వాతే మంగళం. సంగీతం మీద ఇష్టమే తప్ప శాస్త్రం చదువుకోని నాకు ఈ నమ్మకం మీద చెప్పలేనంత గౌరవం. దోషం లేని కచేరీ ఉండదని ఒప్పుకున్న వాళ్ళకే ఇలాంటి ఏర్పాటు తోస్తుంది.

ఇంట్లో వ్రతం చేసుకున్నా ఇదే వరస. మంత్రంలో లోపం ఉన్నా, క్రియలో లోపం ఉన్నా, భక్తిలోనే లోపం ఉన్నా మన్నించమని వేడుకున్నాకే ఉద్వాసన చెబుతాం. దేవుడు ఇంకా పీట మీద ఉండగానే అడుగుతాం. ఇన్నేళ్ళు పాటలు వింటూ బతికిన నాకు క్షమ గురించి తెలిసినదంతా ఈ వరసలోనే ఉంది. మన్నించడమైనా, మన్నించమని అడగడమైనా ముగింపుకి ముందు జరగాలి. ముగిశాక మనకి మిగిలేది దుఃఖించడమే.

ఈ సంగతి నాకు బోధపడింది ఖరగ్‌పూర్‌లో. పందొమ్మిదో శతాబ్దం చివర బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడికి పట్టాలు తెచ్చింది, తర్వాత పెద్ద వర్క్‌షాప్ కట్టింది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్ళు ఖలాసీలుగా, ఫిట్టర్లుగా, గ్యాంగ్‌మన్లుగా వచ్చారు. నింపుర, మథురాకాటి, ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్ క్వార్టర్లలో కాపురాలు పెట్టారు. వాళ్ళ వెంట రాముడూ వచ్చాడు, హార్మణీ వచ్చింది, శనివారం భజనా వచ్చింది. మద్రాసులో ఘంటసాల పాడిన పాటలు కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో గ్రామఫోన్ కంపెనీ ఫ్యాక్టరీలో రికార్డులై బయటికొచ్చేవని పెద్దయ్యాక తెలిసినప్పుడు, మన పాటకీ ఈ నేలకీ మధ్య ఎంత చుట్టరికం ఉందో అనిపించింది.

భజనలో రామదాసు కీర్తన లేని శనివారం ఉండేది కాదు. గోల్కొండ చెరసాలలో పడి ఉన్న రామదాసు, అంటే కంచెర్ల గోపన్న, రాముణ్ణి లెక్కలు అడుగుతాడు. సీతమ్మకి చేయించిన నగ ఎంతైందో, లక్ష్మణుడికి చేయించినది ఎంతైందో ఒక్కొక్కటే ఏకరువు పెడతాడు. ఎవరి సొమ్మని కులుకుతున్నావని నిలదీస్తాడు, తిడతాడు. ఆ కీర్తనలోనే, చివరి చరణాలకి వచ్చేసరికి, దెబ్బలకి తట్టుకోలేక తిట్టాను, మనసులో పెట్టుకోకు అంటాడు. తిట్టిన నోటితోనే, అదే పాటలోనే, పాట ముగియకముందే. త్యాగరాజు ఘనరాగ పంచరత్నాల్లో గౌళ రాగ కీర్తన నిండా తన దుడుకు పనుల జాబితాయే. మన వాగ్గేయకారులు తమ తప్పుని దాచుకోలేదు. దానికి తాళం కట్టి, పదిమందీ కలిసి పాడుకునేలా చేశారు.

పిల్లప్పుడు ఆ చరణం దగ్గర పెద్దవాళ్ళ గొంతు మారడం గమనించేవాణ్ణి. పగలంతా వర్క్‌షాప్ మోతలో నిలబడి వచ్చినవాళ్ళు, బిగ్గరగా మాట్లాడడం అలవాటైపోయినవాళ్ళు. రాముణ్ణి తిట్టే చరణాలు అందరూ గొంతెత్తి పాడేవాళ్ళు. మన్నింపు అడిగే చరణం వచ్చేసరికి కొందరు కళ్ళు మూసుకునేవాళ్ళు. ఆ అడగడం ఎవరి తరఫునో, ఎవరినో, నాకు అప్పుడు తెలిసే వయసు కాదు.

ఖరగ్‌పూర్‌లో ఉండే తెలుగువాడికి ఋతువులు రెండు లెక్కల్లో వస్తాయి. మనకి చైత్ర వైశాఖాలు వసంతమైతే, బెంగాలీలకి ఫాల్గుణ చైత్రాలు. మన ఇంట్లో ఉగాది పచ్చడి కలుపుకునే రోజుల్లో గోల్‌బజార్‌లో చైత్ర సేల్ నడుస్తూంటుంది. వాళ్ళకి అది ఏడాదికి ఆఖరి నెల, వసంతానికీ ఆఖరి నెల. కార్తీకం మనకి శరత్తు, వాళ్ళకి హేమంతం. ఒకే గోడకి అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ళలో ఒకరికి ఋతువు మొదలవుతూంటే ఒకరికి ముగుస్తూంటుంది. ఇలా పెరిగినవాడికి ఋతువు ముగిసిందన్న బెంగ పెద్దగా ఉండదు. ఒక లెక్కలో పోయినది ఇంకో లెక్కలో ఇంకా ఉంటుంది, లేదా అప్పుడే వస్తూంటుంది.

బెంగాలీ పొరుగువాళ్ళ దగ్గర నేర్చుకున్నది ఋతువుని పాటతో గుర్తుపట్టడం. మహాలయ నాడు తెల్లవారుజామున రేడియోలో చండీపాఠం చదివే బీరేంద్రకృష్ణ భద్ర గొంతు వినిపిస్తే శరత్తు వచ్చినట్టు. 1931 నుంచి నడుస్తున్న ఆ ఆనవాయితీకి మా క్వార్టర్లలో తెలుగు ఇళ్ళూ దీపం వెలిగించి కూర్చునేవి. రవీంద్రుడి ‘గీతవితాన్’లో ప్రకృతి పాటలు ఋతువులవారీగా ఉంటాయి. వర్షానికి 115 పాటలు, వసంతానికి 96. హేమంతానికి 5 మాత్రమే. కాలవైశాఖి గాలికి, తొలకరికి, రైలు పట్టాల పక్కన తెల్లగా విరబూసే రెల్లుకి పాట దొరకడం తేలిక. పండగలన్నీ అయిపోయాక వచ్చే పల్చటి ఎండకి పాట దొరకడం కష్టం. ఆ ఐదు పాటలూ అందుకే నాకు ఇష్టం. ముగిసిపోతున్న దాని పక్కన కూర్చోగలిగిన పాటలవి.

అయినా హేమంతం మళ్ళీ వస్తుంది. చిక్కంతా ఇక్కడే ఉంది. ఋతువులు తిరిగి రావడం చూసీ చూసీ మనుషులకీ మరో విడత ఉంటుందనుకుంటాం. ఈ ఏడాది పలకరించకపోతే వచ్చే సంక్రాంతికి పలకరిద్దాం, పిల్ల పెళ్ళిలో కలుస్తాం కదా, అప్పుడు చూసుకుందాం అనుకుంటాం. రైల్వే ఊళ్ళో ఈ లెక్క తొందరగా తప్పుతుంది. రిటైర్మెంట్ నెలాఖరున వస్తుంది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయడానికి ఒక గడువు. గడువు తీరేసరికి నలభయ్యేళ్ళు పక్కింట్లో ఉన్న మనిషి టెక్కలి దగ్గరో బొబ్బిలి దగ్గరో ఉంటాడు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫాం 1072 మీటర్లు. 2013లో గోరఖ్‌పూర్‌లో కొత్తది కట్టేదాకా ప్రపంచంలో ఇదే పొడవైనదని చెప్పుకునేవాళ్ళం. వీధి వీధంతా వచ్చి అక్కడ వీడ్కోలు చెప్పేవాళ్ళు. అంత పొడవు ప్లాట్‌ఫాం కూడా, ఏళ్ళ తరబడి దాచుకున్న మాట చెప్పడానికి సరిపోయేది కాదు. అక్కడ సామాను లెక్కపెట్టుకోవడం, మంచినీళ్ళ సీసా అందించడం తప్ప మరో మాటకి చోటుండదు.

మా భజనలో హార్మణీ వాయించే మావయ్యకీ, మృదంగం వాయించే మావయ్యకీ మాటలు పోయాయి. ఇద్దరూ నాకు వరసకే మావయ్యలు. ఒక శ్రీరామనవమికి ఎవరిని ముందు కూర్చోబెట్టాలన్న దగ్గర మొదలైన తగవు అది, చివరికి ఆడవాళ్ళ పలకరింపులు కూడా ఆగిపోయేదాకా వెళ్ళింది. మృదంగం ఆయన రావడం మానేశారు. ఎవరో కుర్రాడు డోలక్ కొట్టేవాడు, భజన ఎలాగో సాగేది.

హార్మణీ మావయ్య రిటైరై, క్వార్టర్ వదిలే ముందు వచ్చిన ఆఖరి శనివారం, కార్తీకమాసంలో, మృదంగం మావయ్య గుడ్డ సంచిలో వాయిద్యం పెట్టుకుని వచ్చారు. ఎవరితోనూ ఏమీ అనలేదు. తన పాత చోటున కూర్చుని, గిన్నెలో బొంబాయి రవ్వ తడిపి ముద్ద చేసి ఎడమ మూతకి అంటించారు. వానాకాలమంతా మూల పడి ఉన్న వాయిద్యం, చర్మం చెమ్మ పట్టి సడలిపోయింది. కుడి మూత చుట్టూ రాయితో తడుతూ, చెవి దగ్గరగా వంచి వింటూ, చాలాసేపు తంటాలు పడ్డారు. అప్పుడు తలెత్తకుండానే అడిగారు:

“శ్రుతి ఎంతలో ఎడతావు బావా?”

“నీకెంత కుదిరితే అంతలోనే ఎట్టు. నాను సూసుకుంతాను.”

హార్మణీ మావయ్య ఎప్పుడూ ఒకటిన్నరలో తప్ప పాడేవారు కాదు. ఆ రాత్రి చర్మం ఎంతవరకు సాగితే అంతలోనే, తన గొంతుకి అలవాటు లేని కింది శ్రుతిలో పాడారు. ఇద్దరి మధ్యా ‘తప్పు నాది’ అన్న మాట రాలేదు, తగవు ఊసే రాలేదు. ఎవరిది న్యాయమో ఇప్పటికీ తేలలేదు. క్షమకి తీర్పు అక్కర్లేదని నాకు కళ్ళతో చూపించినవాళ్ళు వాళ్ళిద్దరూ. ఒకరు వచ్చి కూర్చున్నారు, ఒకరు శ్రుతి దించుకున్నారు.

తెలుగువాళ్ళందరూ చూసిన పెద్ద ఉదాహరణ ఒకటుంది. 2017 మార్చిలో ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తూండగా, తన పాటలు అనుమతి లేకుండా వేదికల మీద పాడకూడదని ఇళయరాజా వైపు నుంచి లాయరు నోటీసు అందింది. ఇళయరాజా సంగీత దర్శకుడు కాకముందు బాలు బృందంలో వాద్యం వాయించిన రోజుల నాటి స్నేహం వాళ్ళది. అభిమానులం రెండుగా చీలిపోయాం. పాట కట్టినవాడికి హక్కు ఉండాలన్న వాదన చిన్నదేమీ కాదు. ఆ పాటకి ప్రాణం పోసిన గొంతుని ఎలా ఆపుతారన్న బాధా చిన్నది కాదు. బాలు ఆ పాటలు ఇక పాడనని చెప్పి, ఎవరూ పరుషంగా మాట్లాడవద్దని అభిమానులని కోరారు. రెండేళ్ళ తర్వాత, 2019లో, చెన్నైలో కచేరీ కోసం ఇద్దరూ మళ్ళీ కలిశారు. రిహార్సల్స్‌లో ఒకరినొకరు హత్తుకున్న ఫొటో చూసి నాలాంటి వాళ్ళు ఎంతమంది కళ్ళు తుడుచుకున్నారో! 2020 ఆగస్టులో బాలు ఆసుపత్రి పాలైనప్పుడు, త్వరగా లేచి రమ్మని, నీకోసం ఎదురుచూస్తున్నానని ఇళయరాజా వీడియోలో పిలిచారు. సెప్టెంబర్ 25న బాలు వెళ్ళిపోయారు.

ఆ పిలుపుకి అంత బలం 2019 వల్లే వచ్చింది. హక్కుల ప్రశ్న ఆ కౌగిలితో తీరిపోలేదు, తీరనక్కర్లేదు కూడా. అది కోర్టులు, చట్టాలు చూసుకునే సంగతి. కానీ వాళ్ళు కలవడం మరో ఏడాదిన్నర వాయిదా పడి ఉంటే, అదే పిలుపు ఎంత వేరుగా వినిపించేదో ఆలోచిస్తే నాకు భయం వేస్తుంది. ఆ ఏడాదిన్నరలో ఋతువులన్నీ వరసగా వచ్చి వెళ్ళాయి. మనిషి మాత్రం ఒక్కడే, ఒక్కసారే.

దసరా వెళ్ళగానే బెంగాలీలు చేసే ఒక పని నాకు ఎంతో ఇష్టం. దుర్గ నిమజ్జనం అయ్యాక ఒకరినొకరు కౌగిలించుకుంటారు, పెద్దల కాళ్ళకి దండం పెడతారు, మిఠాయి నోట్లో పెడతారు. ఏడాదిగా మాటల్లేని వాళ్ళూ బిజయ అనే ఆ రోజుల్లో గుమ్మం తొక్కవచ్చు. ముందు ఎవరు రావాలన్న పట్టింపు తిథి తీసేస్తుంది. మనకి అలాంటి రోజు ఒకటి ఉంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను. తర్వాత తోచింది, మన దగ్గర అది రోజుగా లేకపోయినా వరసగా ఉంది. ప్రతి వ్రతంలో ఉంది, ప్రతి కచేరీలో ఉంది, రామదాసు ప్రతి శనివారం పాడించే చరణంలో ఉంది. దాన్ని గుడి గుమ్మం దాటించి పక్కింటిదాకా తీసుకెళ్ళడమే మిగిలింది.

మీ వీధిలో ఈ నెలాఖరున ఎవరైనా రిటైరవుతున్నారేమో, ఏ కుటుంబమైనా ఊరు వదిలి వెళుతోందేమో కనుక్కోండి. వాళ్ళతో మీకు మాటలు లేకపోతే స్టేషన్ దాకా ఆగకండి, ఈ శనివారమే వెళ్ళండి. న్యాయం మీ వైపే ఉన్నా వెళ్ళండి. న్యాయం ఉన్నవాడు శ్రుతి దించుకుంటే పాట చెడిపోదని నేను విన్నాను, నమ్ముతున్నాను.