పాత ఇంట్లో కొత్త స్నానాలగది

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు మన పెద్దలు. కట్టిన ఇంటిని బాగుచేయించి చూడు అని ఇంకొక ముక్క చేర్చి ఉంటే బాగుండేది. పాత ఇంట్లో గోడలు, తూములు, అలవాట్లు, అత్తగారు అందరూ తలా ఒక అడ్డు చెబుతారు. పైగా చేతిలో డబ్బు కొద్దిగా ఉన్నప్పుడు ఏది ముందు, ఏది వెనుక అనే తగవు ఒకటి. మా ఇంట్లో ఆ తగవు ఎట్లా తీరిందో చెబితే, నాబోటి పాత ఇళ్లవారికి కొంత పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మాది బరంపురం. మా మామగారి తండ్రి ఈ ఇల్లు కట్టించింది 1931లో. అప్పటికి మా ఊరు మద్రాసు రాజధానిలో ఉన్నది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడినప్పుడు మావాళ్లు గడప దాటకుండానే వేరే రాష్ట్రంవారైపోయారు. ఇల్లు వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ. వీధరుగు మొదలు పెరటిగోడ దాకా రైలుపెట్టెల్లాగా ఒకదాని వెనుక ఒకటి గదులు. స్నానాలగదీ మరుగుదొడ్డీ పెరటి చివర. పడకగది నుంచి నలభై రెండు అంగలు. వానాకాలంలో ఆ బండలమీద నాచు.

మా అత్తగారికి ఎనభై ఒకటో ఏడు. కిందటి వేసవిలో ఆవిడకు కళ్లు తిరిగితే డాక్టరుగారికి చూపించాము. ఒంట్లో నీళ్లు తక్కువైనాయన్నారు. తరువాత నెమ్మదిగా అడిగితే సంగతి బయటపడింది. దీపాలు పెట్టిన తరువాత ఆవిడ నీళ్లు తాగటం మానేసి రెండేళ్లయినదట! తాగితే రాత్రి లేవాలి, లేస్తే పెరట్లోకి పోవాలి, పోవాలంటే మమ్మల్ని లేపాలి. ఒకరిని లేపటం ఇష్టంలేక దాహాన్నే చంపుకుంటున్నారు. ఆ రోజే మావారూ నేనూ నిశ్చయించుకున్నాము, పడకగది పక్కనున్న కొట్టుగదిని స్నానాలగది చేయించాలని.

మొదటి అభ్యంతరం ఆవిడదే.

"పడుకునే గది పక్కన పాయిఖానా ఏమిటే అమ్మాయ్! ఇల్లన్నాక ఒక శుచి ఉండవద్దూ?" అన్నారు.

ఇది చాదస్తమని కొట్టివేయటానికి లేదు. ఆ రోజుల్లో పాయిఖానా పెరటి చివర పెట్టటానికి కారణం ఉన్నది. అవి నీళ్లు లేని దొడ్లు. వెనుక సందులోంచి మనుషులు వచ్చి చేతులతో ఎత్తిపోసేవారు. మనిషి చేత మనిషి చేయించకూడని ఆ పనిని 1993లో చట్టం నిషేధించింది, 2013లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. ఇప్పటి కమోడు సంగతి వేరు. దాని మెడవంపులో ఎప్పుడూ రెండంగుళాల నీళ్లు నిలిచి ఉంటాయి. గొట్టంలోని వాసన గదిలోకి రాకుండా ఆ నీళ్లే తలుపు. నేలలోని తూముకు కూడా అటువంటి వంపే పెట్టించాలి. ఈ మాట విడమరచి చెప్పాను.

"మరి మడి మాట?" అన్నారు.

"పెరటి స్నానాలగది ఎక్కడికీ పోదు అత్తయ్యగారూ. పండగనాడూ తద్దినంనాడూ మీరు అక్కడే పోసుకోండి," అన్నాను. దానితో రాజీ కుదిరింది. పాతదాన్ని పడగొట్టే ఖర్చూ తప్పింది.

ఇక బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి రోజూ ఫోనులో బొమ్మలు పంపేవాడు. అద్దాల గోడ, వానజల్లు షవరు, బట్టలకోసమే వేరే ఒక గది! ఆ ప్రకారం ఎస్టిమేటు వేయిస్తే 4,10,000 అయింది. మా వారి చేతిలో ఉన్నది 2,50,000. అప్పు చేయకూడదని ముందే అనుకున్నాము. అందుచేత ఒక నియమం పెట్టుకున్నాము: గోడలోకీ నేలలోకీ పోయేవాటికి ముందు, కంటికి కనబడేవాటికి తరువాత. నచ్చని కుళాయిని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. నేలలో కారే గొట్టాన్ని మార్చాలంటే మళ్లీ అంతా పగలగొట్టాలి.

ఆ ప్రకారం లెక్క ఇట్లా తేలింది. గొట్టాలు, తూములు, నీరు దిగకుండా వేసే పూత 65,000, కూలి 50,000, టైల్సు 25,000, కమోడు, కుళాయిలు 30,000, కరెంటు పని, గీజరు 20,000, బట్టల అలమార 35,000. పదోవంతు, అంటే 25,000, ఎవరూ ముట్టుకోకుండా దాచాము.

గది ఎనిమిదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు. నాలుగు గోడలకూ ఏడడుగుల ఎత్తు టైల్సు అన్నారు మొదట. నీళ్లు పడే మూలకు మాత్రం ఏడడుగులు, మిగతావైపు నాలుగడుగులు చాలునన్నాము. ముప్పై చదరపు అడుగులు మిగిలినాయి. నేలకు మాత్రం జారని గరుకు టైల్సే. అద్దాల గోడ బదులు గజానికి అరంగుళం వాలు, ఒక తెర. షవరు గొట్టం గోడకు వేయించి మూతపెట్టించాము. ఎప్పుడైనా కావాలంటే బిగించుకోవచ్చు. మా గోడలు పాత సున్నపు గోడలు. వాటిని అడ్డంగా తొలిస్తే బలం పోతుంది గనుక గొట్టాలన్నీ పైపైనే నడిపించాము. గీజరుకు ఎర్తు తీగె, షాకు కొట్టకముందే కరెంటు తెంచే మీట రెండూ పెట్టించాము. ఈ రెండింటి దగ్గరా బేరమాడకండి.

పూత ఆరిన తరువాత తూము మూసి, రెండంగుళాల నీళ్లు నిలిపి, గోడమీద పెన్సిలు గీత పెట్టి రెండు రోజులు ఉంచాము. "ఎందుకమ్మా, నాది గ్యారంటీ," అన్నాడు మిస్త్రీ. మా అత్తగారు పీట వేసుకుని కూర్చుని, మా అందరికన్నా చక్కని ఒడియాలో, ఎందుకో ఆయనకు బోధించారు. గీత దగ్గరే నీళ్లు నిలిచినాయి. ఆ తరువాతే టైల్సు.

ముసలివారికోసం చేసిన మార్పులకు అయిన ఖర్చు చాలా స్వల్పం. తలుపు బయటికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే, లోపలికి తెరుచుకునే తలుపుకు ఆ మనిషే అడ్డం అవుతారు. గడియ బయటినుంచి కూడా తీయవచ్చు. గడప లేదు. కమోడు పక్కన గోడకు గట్టిగా బిగించిన పట్టుకమ్మీ ఉన్నది. తువాలు కమ్మీ మనిషి బరువు మోయదు. వంగకుండా పోసుకోవటానికి బకెట్టు కింద అడుగున్నర ఎత్తు అరుగు కట్టించాము.

బట్టల అలమారను స్నానాలగది గోడకు ఆనించవద్దన్నాను. చెమ్మ ఎక్కితే ముందు పాడయ్యేది పట్టుచీరలే. ఎదుటి గోడకు పెట్టించాము. కొలతలు ఇచ్చేముందు బట్టలన్నీ మంచంమీద పోసి లెక్కపెట్టాము. తగిలించేవి మావారి చొక్కాలు, నాలుగు కోట్లు, అంతే. తక్కినవన్నీ మడతపెట్టేవి. హాంగరుకు ఇరవై నాలుగంగుళాల లోతు కావాలి. మడత చీరకు పదహారు చాలు. కాబట్టి మూడడుగుల మేర లోతుగా, మిగతాదంతా తక్కువ లోతుతో చేయించి, గదిలో నడిచే చోటు మిగుల్చుకున్నాము. అరకూ అరకూ మధ్య అడుగు ఎడమే ఉంచితే, అడుగు చీర లాగినా దొంతర కూలదు. కొట్టుగది పాత టేకు తలుపులను చిత్రికపట్టించి దీనికి బిగించారు. చూసినవాళ్లు కొత్త బీరువా ఎంతకు కొన్నారని అడుగుతున్నారు!

దాచిన 25,000 వృథా కాలేదు. నేల తవ్వితే పాత రాతి తూము కూలి కనిపించింది. దానికి 14,000 పోయినాయి. మిగిలిన 11,000 సంగతి తెలిసి మా అబ్బాయి షవరు మాట మళ్లీ ఎత్తాడు. చూద్దామన్నాము.

ఇటువంటి పని తలపెట్టే సోదరీమణులకు నా మనవి ఒక్కటే. టేపు పట్టుకుని గదిని కొలిచే ముందు, ఇంట్లో రాత్రిపూట ఎవరు లేస్తున్నారో, లేవకుండా ఉండటానికి ఏమి మానుకుంటున్నారో కనుక్కోండి. ఏది ముందో, ఏది వెనుకో దానంతటదే తేలుతుంది. మా అత్తగారు ఇప్పుడు మంచం పక్కన మరచెంబు పెట్టుకుంటున్నారు. పొద్దున చూస్తే సగానికి పైగా ఖాళీ.