హాలు తాళంచెవికి రిజిస్టర్ ఉంది, వైఫై తాళంచెవికి ఏదీ?



వచ్చే సర్వసభ్య సమావేశం ఎజెండాలో నాలుగో అంశం "హాలు వైఫై పరికరాల మార్పు" అని చూసి గ్రూపులో చాలామంది అడిగారు. "నెట్ మంచిగనే వస్తున్నది కదా, మళ్ళా ఖర్చు ఎందుకు?" అని ఒక కాక అడిగిండు. "పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదా?" అని ఒక వదిన అడిగింది. రెండూ న్యాయమైన ప్రశ్నలే. హాలు నెట్ పని చూసుకుంటున్న ముగ్గురం కలిసి కూర్చుని ఈ జవాబు రాస్తున్నాం. కొంచెం పొడుగ్గా ఉంటుంది. సమావేశానికి వచ్చే ముందు తీరిక చూసుకుని చదవండి.

ముందుగా ఈ వైఫైని ఎవరు వాడుతున్నారో చూద్దాం. పొద్దున ఆరు గంటల నుంచే పోలీసు భర్తీకి, ఎంపీఎస్సీకి చదివే పిల్లలు హాల్లో ఉంటారు. స్కాలర్‌షిప్ ఫారాలు నింపే రోజుల్లో తల్లులు కూడా వచ్చి కూర్చుంటారు. నవంబర్ వచ్చిందంటే పెన్షన్ తీసుకునే పెద్దలు జీవన్ ప్రమాణ్ కోసం వస్తారు. ఆదివారం తెలుగు అక్షరాల క్లాసు సంగతి తెలిసిందే. మన పిల్లలు బడిలో మరాఠీ చదువుతారు. మంచిర్యాల నుంచి ఒక టీచరమ్మ వీడియోలో ఓనమాలు దిద్దిస్తున్నది. 1956లో రాజురా తాలూకా ఆదిలాబాద్ జిల్లా నుంచి విడిపోయి బొంబాయి రాష్ట్రంలో కలిసింది. తాలూకా అటు పోయినా మన మాట ఇంట్లో నిలిచింది. ఇప్పుడు ఆ మాటకు అక్షరం దొరికేది ఈ నెట్ మీదనే. వర్ధా పొంగి బల్లార్షా దారి మూసుకుపోయే రోజుల్లోనైతే హాలు వైఫై ఎంతమందికి ఆసరానో వేరే చెప్పక్కర్లేదు.

అందుకే ముందే ఒక మాట. "ఇంత తలనొప్పి ఎందుకు, వైఫై తీసేద్దాం" అనే సలహాకు మేము ఒప్పుకోం. దాన్ని జాగ్రత్తగా నడపాలన్నదే మా కోరిక.

ఇక వదిన అడిగిన ప్రశ్న. హాల్లో పైకప్పుకు మూడు తెల్ల డబ్బాలు ఉన్నాయి. వాటిని యాక్సెస్ పాయింట్లు అంటారు. మన ఫోన్లు మాట్లాడేది వాటితోనే. ఆ మూడింటినీ నడిపించేది మాత్రం ఆఫీసు గదిలో బీరువా పక్కన ఉన్న చిన్న పెట్టె. దాని పేరు కంట్రోలర్. వైఫై పేరు ఏమిటి, పాస్‌వర్డ్ ఏమిటి, ఎవరిని లోపలికి రానివ్వాలి, ఎవరి ఫోన్ ఏ దారిన బయటికి పోవాలి అన్నీ అదే చెప్తుంది. కాబట్టి పాస్‌వర్డ్‌లు రెండు. నోటీసు బోర్డు మీద రాసి పెట్టేది వైఫై పాస్‌వర్డ్. అది వీధి తలుపు తాళంచెవి లాంటిది. కంట్రోలర్ లోపలికి వెళ్ళేది అడ్మిన్ పాస్‌వర్డ్. అది మొత్తం తాళంచెవుల గుత్తి. గుత్తి దొరికినవాడికి వీధి తలుపు పెద్ద అడ్డం కాదు.

గనుల్లో పనిచేసిన మన పెద్దలకు లాంప్ రూం గురించి మేము చెప్పే పని లేదు. భూగర్భ గనిలోకి దిగే ప్రతి మనిషికీ నంబరున్న దీపం ఇస్తారు, రాసుకుంటారు. షిఫ్టు అయ్యాక ఒక దీపం తిరిగి రాలేదంటే లోపల ఒక మనిషి ఉన్నట్టే లెక్క. వస్తువు ఎవరి దగ్గర ఉందో రాసి ఉంటే ప్రాణం నిలబడుతుందని ఆ పద్ధతి చెప్తుంది. మన హాలు తాళంచెవికి కూడా రిజిస్టర్ ఉంది. ఎవరు తీసుకున్నారు, ఎప్పుడు తిరిగి ఇచ్చారు, సంతకంతో సహా ఉంటుంది. కంట్రోలర్ పని మా చేతికి వచ్చినప్పుడు మాత్రం దాని అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టె వెనకాల స్టిక్కర్ మీద ఉన్నదే. బిగించిన పిల్లవాడు పుణెకు వెళ్ళి రెండేళ్ళు అయింది. మేము వెంటనే మార్చాం. కానీ అంతటితో పని పూర్తి కాలేదు. ఎందుకో చెప్పడానికి బయట జరిగిన కొన్ని సంగతులు రాస్తున్నాం.

మొదటిది మన మహారాష్ట్రలోనే జరిగింది. 2008 జులై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలాయి. పేలుళ్ళకు కొద్ది నిమిషాల ముందు టీవీ చానెళ్ళకు ఒక మెయిల్ వచ్చింది. పోలీసులు దాని జాడ పట్టుకుని పోతే నవీ ముంబైలో ఉంటున్న ఒక అమెరికన్ ఇల్లు వచ్చింది. ఆయనకు దానితో ఏ సంబంధమూ లేదు. ఆయన ఇంటి వైఫైని ఎవరో వాడుకున్నారు. ఆ విషయం తేలేదాకా ఆ కుటుంబం పడిన పాట్లు అప్పటి పేపర్లలో వచ్చాయి. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే మాటుంగాలో ఒక కాలేజీ వైఫై నుంచి, చెంబూర్‌లో ఒక కంపెనీ వైఫై నుంచి అలాంటి మెయిళ్ళే వెళ్ళాయి. "మన దగ్గర దోచుకోవడానికి ఏముంది?" అనేవారికి ఇదే మా జవాబు. వచ్చేవాడికి మన సొమ్ము అక్కర్లేకపోవచ్చు, మన చిరునామా చాలు. రేపు హాలు నెట్ నుంచి ఏదైనా జరిగితే పోలీసులు ముందు తలుపు తట్టేది మన అధ్యక్షుడి ఇంటిదే.

రెండోది 2017 జులైలో జరిగింది. దేశంలో చాలాచోట్ల బీఎస్ఎన్ఎల్ బ్రాడ్‌బ్యాండ్ మోడెంలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. దాదాపు 60 వేల మోడెంలు దెబ్బతిన్నాయని అప్పట్లో వార్తలు వచ్చాయి. చాలా మోడెంలకు కంపెనీ నుంచి వచ్చినప్పటి పాస్‌వర్డే, అంటే "అడ్మిన్, అడ్మిన్" అన్నదే ఉంది. మోడెంలను దూరం నుంచి సరిచేయడానికి టెలికాం కంపెనీలు వాడే ఒక దారి ఉంటుంది, 7547 నంబరు పోర్టు. బయటివాళ్ళు కూడా ఆ దారిలోనే లోపలికి వచ్చారు. బ్రికర్‌బాట్ అనే మాల్వేర్ తయారుచేసిన వ్యక్తి ఆ పని తనదేనని చెప్పుకున్నాడు. ఇక్కడ గమనించాల్సింది ఒకటి ఉంది. ఎవరి ఇల్లు, ఎవరి దుకాణం అని ఎవరూ ఎంచుకోలేదు. ప్రోగ్రాం ఒకటి వరసగా తలుపులు తడుతూ పోయింది, తెరుచుకున్న ప్రతి చోటా దూరింది. రాజురా చిన్న ఊరు కదా అని అది వదిలిపెట్టదు, దానికి ఊరి పేరే తెలియదు.

దానికి ముందు ఏడాది, 2016లో, మిరాయ్ అనే మాల్వేర్ ఇంకో రకంగా వాడుకుంది. అరవై చిల్లర డీఫాల్ట్ పాస్‌వర్డ్‌ల జాబితా పట్టుకుని ప్రపంచమంతా కెమెరాల్లోకి, రౌటర్లలోకి దూరింది. 2016 అక్టోబర్ 21న వాటన్నిటితో డిన్ అనే అమెరికా కంపెనీ మీద దాడి చేయించారు. ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి అందలేదు. ఆ కెమెరాల యజమానుల్లో ఎక్కువ మందికి తమ వస్తువు అందులో ఉందని కూడా తెలియదు.

"సరే, పాస్‌వర్డ్ మార్చారు కదా, ఇంకేం భయం?" అంటారు. 2025లో బయటపడ్డ మూడు సంగతులు చూడండి. మూడూ మనం మాట్లాడుకుంటున్న ఇదే రకం పరికరాలవి.

మే నెలలో సిస్కో కంపెనీ తన వైర్‌లెస్ కంట్రోలర్ల సాఫ్ట్‌వేర్‌లో ఒక లోపం ఉందని ప్రకటించింది. తీవ్రతకు పదికి పది వేశారు. తయారీలోనే లోపల రాసి ఉంచిన ఒక రహస్య టోకెన్ దానికి కారణం. ఒక ప్రత్యేక సదుపాయం ఆన్ చేసి ఉన్నచోట, అది తెలిసినవాడు ఏ పాస్‌వర్డూ లేకుండా కంట్రోలర్‌ను పూర్తిగా చేతిలోకి తీసుకోగలడు. జులైలో హెచ్‌పీఈ కంపెనీ చిన్న ఆఫీసులకు, దుకాణాలకు అమ్మే అరుబా ఇన్‌స్టంట్ ఆన్ యాక్సెస్ పాయింట్లలోనూ అలాగే లోపల రాసి ఉంచిన లాగిన్ దొరికింది. 3.2.0.1, అంతకు ముందు వెర్షన్లు ఉన్నవాళ్ళు 3.2.1.0కి మారమన్నారు. అదే జులైలో రకస్ కంపెనీ నెట్‌వర్క్ నడిపే సాఫ్ట్‌వేర్లలో క్లారోటీ సంస్థ పరిశోధకుడు నోమ్ మోషే కనిపెట్టిన లోపాల గురించి అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు సెర్ట్ కేంద్రం హెచ్చరించింది. ఆ హెచ్చరిక వచ్చిన రోజుకు వాటిని సరిచేసే ప్యాచ్ సిద్ధంగా లేదు. అందాకా ఆ పరికరాలను విడి నెట్‌వర్క్‌లో, నమ్మకమైనవాళ్ళకే అందేటట్టు ఉంచమని సలహా ఇచ్చారు.

వదిన ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడుంది. లోపల రాసి ఉన్న తాళంచెవిని మనం ఎంత పెద్ద పాస్‌వర్డ్ పెట్టినా తీసేయలేం. కంపెనీ ఇచ్చే అప్‌డేట్ ఒక్కటే దాన్ని తీసేస్తుంది. ఆ మూడూ పేరున్న కంపెనీలే. లోపం లేని పెట్టె ఎవరి దగ్గరా లేదు. లోపం బయటపడ్డాక సరిచేసేవాళ్ళు ఉన్నారా, ఆ అప్‌డేట్‌ను తెచ్చి వేసే మనిషి మన దగ్గర ఉన్నాడా అన్నదే చూడాలి. మన కంట్రోలర్ విషయంలో మొదటి దానికే జవాబు లేదు. ఆ మోడల్‌కు అప్‌డేట్లు ఇవ్వడం దాని కంపెనీ ఆపేసింది. ఇక ముందు ఏ లోపం బయటపడ్డా అది అలాగే ఉండిపోతుంది. నెట్ మంచిగా వస్తూనే ఉంటుంది కాక, వేగం తగ్గదు. పై నుంచి చూస్తే ఏమీ తెలియదు. అదే మా దిగులు.

భయపెట్టాలని రాయడం లేదు. కంట్రోలర్ ఎవరి చేతికో చిక్కినంత మాత్రాన మీ బ్యాంకు యాప్‌లో డబ్బు పోదు. యాప్‌కూ బ్యాంకుకూ మధ్య వేరే తాళం ఉంటుంది. కానీ మనం టైపు చేసిన వెబ్‌సైట్‌కు బదులు దానిలాగే కనిపించే ఇంకో పేజీకి పంపించే వీలు వాడికి దొరుకుతుంది. మన పెద్దల్లో ఎందరు పైన ఉండే అడ్రసు చూసుకుని ఓటీపీ కొడతారో మీకు తెలుసు. అదీకాక హాలు కెమెరాలు, సంఘం లెక్కల కంప్యూటర్ కూడా ఈ నెట్ మీదనే ఉన్నాయి. ఆ కంప్యూటర్లో చందాదారుల ఫోన్ నంబర్లు, స్కాలర్‌షిప్ సాయం కోసం ఇచ్చిన ఆధార్ కాపీలు ఉన్నాయి. సంఘాన్ని నమ్మి ఇచ్చిన కాగితాలు అవి.

ఇక సమావేశంలో మేము పెట్టబోయే కోరికలు ఇవి:

1. ఎన్నేళ్ళ దాకా అప్‌డేట్లు ఇస్తారో కంపెనీ రాతపూర్వకంగా చెప్పిన కంట్రోలర్ కొనాలి. రెండు కొటేషన్లు తెచ్చాం. ధరతో పాటు ఆ సంవత్సరం కూడా చూసి తేల్చండి.

2. అడ్మిన్ పాస్‌వర్డ్ సీలు వేసిన కవరులో బీరువాలో ఉండాలి. తాళంచెవి రిజిస్టర్లోనే దానికీ ఒక పేజీ ఉండాలి. కమిటీ మారినా, పని చూసేవాళ్ళు ఊరు విడిచినా అదే రోజు పాస్‌వర్డ్ మార్చాలి. మా ముగ్గురికీ ఇదే నియమం.

3. వచ్చిపోయేవాళ్ళకు ఒక వైఫై, లెక్కల కంప్యూటర్‌కు, కెమెరాలకు ఇంకొకటి. దానికి దీనికి సంబంధం ఉండకూడదు.

4. బయటి నుంచి కంట్రోలర్‌లోకి వచ్చే దారి మూసి ఉండాలి. ఆఫీసు గదిలో కూర్చుంటేనే తెరుచుకోవాలి. డబ్ల్యూపీఎస్ బటన్ సదుపాయం కూడా ఆపేయాలి. దాని పిన్‌లో లోపం ఉందని 2011లోనే తేలింది.

5. ప్రతి నెల మొదటి ఆదివారం తెలుగు క్లాసు అయ్యాక ఇద్దరు కూర్చుని అప్‌డేట్ ఉందో లేదో చూడాలి, వేయాలి, రిజిస్టర్లో సంతకం పెట్టాలి. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ ఇలాంటి లోపాల మీద హెచ్చరికలు విడుదల చేస్తుంటుంది, అవి కూడా అప్పుడే చూడాలి.

ఐదో పనికి ఎక్కువ చదువు అక్కర్లేదు. పదిహేను నిమిషాల ఓపిక కావాలి. పోలీసు భర్తీకి చదువుతున్న పిల్లల్లో ఇద్దరిని, మహిళా విభాగం నుంచి ఇద్దరిని ఇప్పుడే తయారు చేస్తే బాగుంటుంది. ఒక్క మనిషి తలకాయలో ఉన్న పని ఆ మనిషి పుణె బండి ఎక్కగానే ఆగిపోతుంది.

ఇళ్ళల్లో కూడా ఒకసారి చూసుకోండి. రౌటర్ వెనకాల స్టిక్కర్ మీద ఉన్న అడ్మిన్ పాస్‌వర్డే ఇంకా నడుస్తుంటే మార్చండి. రానివాళ్ళు శనివారం సాయంత్రం హాలుకు రండి, మేము ముగ్గురం ఉంటాం. ఫోన్లో నేర్పించడం కష్టం. రౌటర్ మోడల్ పేరు ఫోటో తీసుకుని వస్తే చాలు. ఎవరికైనా ఆన్‌లైన్‌లో డబ్బు పోతే మాత్రం మా కోసం ఆగకుండా వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే వీలు అంత ఎక్కువ.

నాలుగో అంశం దగ్గరికి వచ్చేసరికి అన్నాల వేళ అవుతుంది, సగం మంది లేచిపోతారు. ఈసారి ఆ పావుగంట కూర్చోండి. కాదనేవాళ్ళు కూడా వచ్చి కాదనండి, జవాబు చెప్పడానికి మేము సిద్ధంగా ఉంటాం.

ఇట్లు,
హాలు నెట్ పని చూసుకుంటున్న మీ సభ్యులం, రాజురా