ఇల్లు ఖాళీ... ఇంటిపేరు ఖండమంతా!

స్కాట్లాండులోని ఉల్వా అనే చిన్న దీవిలో పుట్టిన ఇంటిపేరు మెక్వారీ. సొంతగడ్డ మీద ఆ పేరున్నవాళ్లు బహు అరుదు. కానీ భూగోళానికి అటు చివర ఒక నదికీ, సరస్సుకీ, రేవు పట్టణానికీ, యూనివర్సిటీకీ, బ్యాంకుకీ అదే పేరు! ఒక ఇంటిపేరు అంతదూరం ఎలా వెళ్లింది? వెనక ఏం వదిలిపెట్టింది?

మల్ దీవి పశ్చిమ తీరాన ఓ బుల్లి రేవు ఉంది. అక్కడ గోడమీద ఒక తెల్లని చెక్కపలక, దానికో జరిపే మూత. మూత పక్కకి జరిపితే లోపలి ఎర్రరంగు బయటపడుతుంది. అవతలి ఒడ్డునున్న పడవవాడు ఆ ఎరుపు చూసి బయల్దేరి వస్తాడు. గంట కొట్టక్కర్లేదు, ఫోను చేయక్కర్లేదు. మధ్యలో ఉన్న నీళ్లు మన గోదారి పాయంత కూడా ఉండవు. రెండు మూడు నిమిషాల్లో ఉల్వా మీద అడుగుపెట్టేస్తాం.

దీవి పొడవు సుమారు 12 కిలోమీటర్లు, వెడల్పు నాలుగు. కార్లు లేవు, తారురోడ్డు లేదు. ఒకప్పుడు సముద్రం మీద ఇక్కడికొచ్చిన నార్వే వాళ్లు దీన్ని 'తోడేళ్ల దీవి' అన్నారు. ఉల్వా అంటే అదే. తోడేళ్లు ఇప్పుడు లేవు. నిజానికి మనుషులూ పెద్దగా లేరు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇక్కడున్నది 11 మంది!

ఈ దీవి పేరు మీరు విని ఉండకపోవచ్చు. కానీ 'మా అబ్బాయికి మెక్వారీ యూనివర్సిటీలో సీటొచ్చింది' అన్న మాట వినే ఉంటారు. సిడ్నీలో ఉన్న మనవాళ్లకయితే మెక్వారీ అన్నది రోజూ నోట్లో నానే పేరు. యూనివర్సిటీ, దాని ముందే అదే పేరుతో మెట్రో స్టేషను, పక్కన మెక్వారీ పార్కు, ఊరి నడిబొడ్డున మెక్వారీ వీధి... ఆ పేరుకి పుట్టిల్లు ఈ తోడేళ్ల దీవే.

ఫలానావాడి కొడుకులు

మన ఇంటిపేర్లలో చాలా వాటికి మూలం ఊరు. తాతముత్తాతలు ఊరు వదిలినా, ఆ ఊరు ఇంటిపేరై వెంట వస్తుంది. స్కాట్లాండు కొండసీమలో పద్ధతి వేరు. అక్కడ పేరుకి మూలం మనిషి. గేలిక్ భాషలో 'మాక్' అంటే కొడుకు. మెక్వారీ అంటే గువారె కొడుకులు. గువారె అంటే అభిమానధనుడు, గొప్పవాడు అని అర్థం చెబుతారు.

ఇలా ఒక మూలపురుషుడి పేరు చెప్పుకునే జనాన్ని 'క్లాన్' అంటారు. వంశం లాంటిదే కానీ, అచ్చంగా రక్తసంబంధమే ఉండాలని లేదు. ఆ పెద్ద నేలమీద బతుకుతూ, ఆయన పిలిస్తే కత్తి పట్టుకుని వచ్చేవాళ్లు కూడా ఆ పేరే పెట్టుకునేవారు. పెద్ద క్లాన్‌లకు వేలమంది జనం, కోటలు, కొండలు ఉండేవి. మెక్వారీలది బుల్లి క్లాన్. ఉల్వా దీవి, ఎదురుగా మల్‌లో కొంత భూమి, నల్లరాతి స్తంభాల గుహతో ప్రపంచప్రసిద్ధి పొందిన స్టాఫా దీవి... వాళ్ల రాజ్యమంతా ఇంతే. ఉన్న కొద్దిమందిలోనూ 1651లో ఇన్వర్‌కీథింగ్ యుద్ధంలో చాలామంది పోయారు. క్లాన్ పెద్ద అలన్ కూడా అక్కడే నేలకొరిగాడు. ఆ పేరు అరుదైపోవడానికి ఇది మొదటి దెబ్బ.

ఇంగ్లిషు గుమాస్తాలు గేలిక్ పేరును చెవికి వినిపించినట్టు రాసుకుపోయారు. దాంతో ఒకే పేరు రకరకాలుగా తయారైంది. కొందరికి మధ్యలో 'ఆర్' ఒకటి, కొందరికి రెండు. కొందరికి చివర 'ఐఈ', కొందరికి 'వై'. అన్నదమ్ముల పిల్లలే వేర్వేరు స్పెల్లింగులతో కాగితాలకెక్కారు.

నూట మూడేళ్ల చివరి పెద్ద

1773 అక్టోబరులో ఉల్వాకి ఇద్దరు గొప్ప అతిథులొచ్చారు. ఒకరు ఇంగ్లిషు నిఘంటువు రాసిన శామ్యూల్ జాన్సన్. రెండోవారు ఆయన జీవితచరిత్ర రాసిన జేమ్స్ బాస్వెల్. క్లాన్ పెద్ద లాక్లన్ మెక్వారీ వాళ్లకు ఆతిథ్యమిచ్చాడు. తన వంశం తొమ్మిది వందల ఏళ్లుగా ఈ దీవిని ఏలుతోందని ఆయన చెప్పిన మాటను బాస్వెల్ రాసిపెట్టుకున్నాడు. పాపం, అప్పటికే అప్పుల్లో కూరుకుపోయి ఉన్నాడాయన. 1777లో దీవి అమ్ముడుపోయింది.

అప్పుడాయన చేసిన పని వింటే ఆశ్చర్యమేస్తుంది. అరవై దాటిన వయసులో సైన్యంలో చేరాడు! 1818లో మల్ దీవిలో కన్నుమూశాడు. అప్పటికి ఆయనకు 103 ఏళ్లంటారు. ఆయనతో క్లాన్ పెద్దల వరస ముగిసింది. భూమి పోయింది, పెద్ద పోయాడు. ఇక మిగిలింది పేరొక్కటే.

గవర్నరుగారి గుర్తు

ఆ పేరును భూమి అంచులదాకా తీసుకెళ్లినవాడు మరో లాక్లన్ మెక్వారీ. 1762లో పుట్టాడు. తండ్రి క్లాన్ పెద్దకు దూరపు చుట్టమే అయినా కౌలు రైతు. కుర్రవాడు చిన్నతనంలోనే సైన్యంలో చేరి, 1788లో బొంబాయిలో దిగాడు. టిప్పు సుల్తాను మీద జరిగిన 1792, 1799 శ్రీరంగపట్నం యుద్ధాలు రెండింటిలోనూ ఉన్నాడు. బొంబాయిలోనే జేన్ జార్విస్‌ను పెళ్లాడాడు. మూడేళ్లకే ఆమె క్షయతో పోయింది. తర్వాత మల్ దీవిలో కొన్న ఎస్టేటుకు ఆమె పేరు మీద జార్విస్‌ఫీల్డ్ అని పేరు పెట్టుకున్నాడు. పేర్లంటే ఆయనకెంత మమకారమో అప్పుడే తెలిసింది!

1810లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌కి గవర్నరయ్యాడు. అప్పటికది ఖైదీల వలస. శిక్ష ముగిసినవాణ్ణి మామూలు మనిషిగానే చూడాలన్నది ఆయన పట్టుదల. దొంగసంతకం కేసులో వచ్చిన ఫ్రాన్సిస్ గ్రీన్‌వే చేత సిడ్నీలో గొప్ప భవనాలు కట్టించాడు. ఆ ఖండానికి 'ఆస్ట్రేలియా' అన్న పేరు ఖాయం చేయమని 1817లో లండన్‌కి రాసింది కూడా ఈయనే.

ఆయన ఉన్న పన్నెండేళ్లలో అన్వేషకులు ఏది కనిపెట్టినా గవర్నరు పేరే పెట్టారు. మెక్వారీ నది, పోర్ట్ మెక్వారీ, టాస్మేనియాలో మెక్వారీ హార్బర్... 1810లోనే అంటార్కిటికా దారిలో కనిపెట్టిన దీవికి మెక్వారీ దీవి అన్నారు. అది 1997లో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కింది. రాయల్ పెంగ్విన్లు పిల్లల్ని పొదిగే చోటు లోకంలో అదొక్కటే. అక్కడ శాశ్వతంగా ఉండే మనుషులు మాత్రం లేరు. ఆ తర్వాతి కాలంలో 1964లో యూనివర్సిటీ, 1981లో ఆస్ట్రేలియన్ ఇంగ్లిషుకు మెక్వారీ నిఘంటువు వచ్చాయి.

మద్రాసు నుంచి వెళ్లిన వెండి

ఈ పేరు బ్యాంకుకెక్కిన కథ మరీ తమాషా. 1812లో సిడ్నీలో చిల్లర కరవు. గవర్నరు అడిగితే ఈస్టిండియా కంపెనీ మన మద్రాసు నుంచి 40 వేల స్పెయిన్ వెండి నాణేలు ఓడలో పంపింది. అవి మళ్లీ దేశం దాటిపోకుండా ఆయనో ఉపాయం చేశాడు. ప్రతి నాణేనికీ నడిమధ్యన చిల్లు కొట్టించాడు. చుట్టూ మిగిలిన చక్రం ఒక నాణెం, ఊడిన ముక్క మరో నాణెం! చిల్లు కొట్టిన పనివాడు హెన్షాల్ కూడా దొంగనాణేల కేసులో వచ్చిన ఖైదీయే. 1985లో సిడ్నీలో బ్యాంకు పెట్టినవాళ్లు ఆ తెలివికి ముచ్చటపడి మెక్వారీ అని పేరు పెట్టుకున్నారు. చిల్లు నాణెమే గుర్తయింది.

ఆ మెక్వారీ మన గుమ్మంలోకీ వచ్చింది. 2018లో ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని తొమ్మిది జాతీయ రహదారి భాగాల మీద 30 ఏళ్లపాటు టోలు వసూలు చేసుకునే హక్కును 9,681 కోట్ల రూపాయలకు వేలంలో దక్కించుకున్నది ఆ సంస్థే. ఉల్వాలో పుట్టిన పేరు అలా మన కోస్తా రోడ్డెక్కింది.

ఆ పేరు కింద ఏముంది?

కొత్త పేరు పెట్టిన ప్రతిచోటా అంతకుముందే ఒక పేరుంది. మెక్వారీ నదిని వేల ఏళ్లుగా విరాజురి జనం వాంబూల్ అనేవారు. ఇప్పుడు ఆ రెండు పేర్లకూ గుర్తింపు ఉంది.

దీనికన్నా చేదు సంగతి ఇంకోటుంది. గవర్నరు రెండో భార్య ఎలిజబెత్ స్కాట్లాండులోని ఆపిన్ సీమ ఆడపడుచు. ఆమె మీద ప్రేమతో సిడ్నీకి నైరుతిన ఒక ప్రాంతానికి ఆపిన్ అని పేరు పెట్టారు. 1816లో ఆదివాసుల మీదికి గవర్నరు సైన్యాన్ని పంపాడు. ఏప్రిల్ 17 రాత్రివేళ ఆ ఆపిన్ దగ్గరే సైనికులు వాళ్ల విడిదిని చుట్టుముట్టారు. తుపాకులకు కొందరు, కొండ అంచు నుంచి పడి కొందరు... కనీసం 14 మంది చనిపోయారు. వాళ్లలో ఆడవాళ్లూ పిల్లలూ ఉన్నారు. సొంత నేల పోగొట్టుకున్న వంశంలో పుట్టినవాడు మరొకరిని నేల నుంచి తరమడానికి ఉత్తర్వు రాశాడు. ఆస్ట్రేలియాలో ఆయన విగ్రహాల దగ్గర నేటికీ వాదన నడిచేది ఇందుకే.

గవర్నరు 1824లో లండన్‌లో చనిపోతే మల్ దీవికి తెచ్చి గ్రూలైన్ దగ్గర ఖననం చేశారు. సమాధి మీద 'ఆస్ట్రేలియా పితామహుడు' అని చెక్కి ఉంటుంది. స్కాట్లాండు మట్టిలో ఉన్న ఆ సమాధి బాధ్యత ఆస్ట్రేలియా నేషనల్ ట్రస్టుది! ఆయన ఒక్కగానొక్క కొడుకు 1845లో పిల్లల్లేకుండా పోయాడు. అంటే, ఖండమంతా పేరున్న మనిషికి ఆ పేరు నిలబెట్టే వారసుడు ఒక్కడూ మిగల్లేదు.

పొగ రాని ఇళ్లు

మరి ఉల్వాలో మిగిలినవాళ్లేమయ్యారు? 1830లలో దీవిలో ఆరువందల మందిదాకా ఉండేవారు. సముద్రపు నాచు కాల్చి బూడిద చేస్తే సబ్బు, గాజు పరిశ్రమలు కొనుక్కునేవి. నెపోలియన్ యుద్ధాల తర్వాత ఆ బేరం పడిపోయింది. 1835లో ఫ్రాన్సిస్ విలియమ్ క్లార్క్ అనే లాయరు దీవిని కొన్నాడు. 1846లో బంగాళాదుంప పంటకు తెగులొచ్చింది. అద్దె కట్టలేని జనం కంటే గొర్రెలే లాభమనుకున్నాడు క్లార్కు. ఊళ్లకు ఊళ్లే ఖాళీ చేయించాడు. ఇళ్ల కప్పులకు నిప్పు పెట్టేవారని నేటికీ చెప్పుకుంటారు. దీవి మీద నడిస్తే మొండిగోడలతో మిగిలిన ఊళ్లు ఒకటి తర్వాత ఒకటి ఎదురవుతాయి. ఎక్కడికీ పోలేని ముసలివాళ్లను ఉంచిన ఇళ్ల వరసకు 'ఆకలి వీధి' అని పేరు.

వెళ్లినవాళ్లు గ్లాస్గో మిల్లులకీ, సముద్రాలు దాటీ వెళ్లారు. ఆఫ్రికా అన్వేషకుడు డేవిడ్ లివింగ్‌స్టన్ తాతది కూడా ఉల్వాయే. ఆయన ముందే బతుకుతెరువు కోసం గ్లాస్గో దగ్గరి బ్లాంటైర్‌కి చేరాడు. మెక్వారీల్లో చాలామంది కెనడాలోని నోవా స్కోషియాకు, ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవికి చేరారు. ఇప్పుడు మెక్వారీ అన్న ఇంటిపేరుతో మనుషులు కావాలంటే అక్కడ వెతకడం మేలు. కెనడాకు మనుషులు పేరును మోసుకెళ్లారు. ఆస్ట్రేలియాకు పేరు ఒంటరిగా వెళ్లింది. ఉల్వాలో రెండూ మిగల్లేదు.

పుట్టింటికి సారె

2017లో ఉల్వా మళ్లీ అమ్మకానికొచ్చింది. ఈసారి పక్కనున్న మల్ దీవి వాయవ్య గ్రామాల జనం ఊరుకోలేదు. స్కాట్లాండు భూసంస్కరణ చట్టం ప్రకారం భూమి కొనే మొదటి హక్కు స్థానికులు అడగొచ్చు. వాళ్లు అడిగారు. స్కాటిష్ ల్యాండ్ ఫండ్ 44 లక్షల పౌండ్ల దాకా ఇచ్చింది. సిడ్నీ నుంచి మెక్వారీ సంస్థ ఐదు లక్షల పౌండ్లు పంపింది. పుట్టింటి నుంచి ఆడపిల్లకి సారె వెళ్లడం మనకు తెలుసు. ఇక్కడ ఎక్కడికో వెళ్లిపోయిన పేరే పుట్టింటికి సారె పంపింది! 2018 జూన్‌లో దీవి ఊరి జనం ఉమ్మడి సొత్తయింది. అప్పటికి అక్కడున్నవాళ్లను వేళ్లమీద లెక్కపెట్టొచ్చు.

గ్లాస్గో నుంచి ఓబన్‌కి రైల్లో మూడు గంటల పైచిలుకు ప్రయాణం. అక్కడినుంచి మల్‌లోని క్రెయిగ్‌న్యూర్‌కి ఓడలో గంటలోపే. ఆ తర్వాత ఒంటిబాట రోడ్డు మీద ఉల్వా రేవు. దారిలోనే గ్రూలైన్ సమాధి. దీవి మీద షీలా గారి గడ్డికప్పు గుడిసె, థామస్ టెల్‌ఫర్డ్ నమూనాతో 1828లో కట్టిన చర్చి తప్పకుండా చూడాలి. వేసవిలో వెళ్లడం మంచిది. నడవడానికి గట్టి బూట్లు, ఎప్పుడు పడుతుందో తెలియని వానకి ఓ కోటు ఉంటే చాలు.

పాడుబడ్డ ఇళ్లు బాగుచేసి కుటుంబాలను మళ్లీ రప్పించాలన్నది ఊరివాళ్ల ప్రయత్నం. వచ్చేవాళ్ల ఇంటిపేరు మెక్వారీ అయ్యే అవకాశం తక్కువే. అయితేనేం! గువారె కొడుకులు కూడా ఒకనాడు ఎక్కడినుంచో పడవలో వచ్చి పొయ్యి రాజేసుకున్నవాళ్లే కదా.